చలి చెదిరితే చూడి నిలవదు

తెల్లవారుజామున గేదె అరిచింది. పాలు సరిగా చేపలేదు. మానం నుంచి తీగ వేసింది. ఎదకొచ్చిందని మీకు తెలిసిపోయింది. పొలం పని పక్కన పెట్టి పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లారు. లేదంటే గోపాలమిత్రకు ఫోను చేశారు. ఆయన మోటారు సైకిలు మీద వచ్చాడు. వెనక సీటుకు కట్టిన అల్యూమినియం క్యాను మూత తీస్తే తెల్లటి పొగ లేచింది. అందులోంచి అగ్గిపుల్ల లావున, జానెడుకు తక్కువ పొడవున ఉన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీశాడు. సూది వేశాడు, వెళ్లిపోయాడు. ఇరవయ్యొక్క రోజులు గడిచాయి. గేదె మళ్లీ అరిచింది.

అప్పుడు మనం ఏం చేస్తాం? గేదెను తిడతాం. మేత సరిపోలేదంటాం, దిష్టి తగిలిందంటాం, ఆ ఆబోతు మంచిది కాదంటాం. వీటిలో కొన్నిట్లో నిజం లేకపోలేదు. కానీ ఆ క్యాను వంక చూసేవాళ్లు మాత్రం వందలో ఒక్కరు కూడా కనపడరు. ఈ వారం ఆ క్యాను సంగతే చెప్పుకుందాం. అందులో ఉన్నది మామూలు చల్లదనం కాదు. సున్నాకు దిగువన 196 డిగ్రీల చలి. ఆ చలి వీర్యకేంద్రం దగ్గర మొదలై మీ పాక దాకా ఎక్కడా తెగకుండా రావాలి. మధ్యలో ఒక్కచోట తెగినా గొట్టంలో ఉన్నది వట్టి తెల్లనీళ్లే.

ఒక ఎద తప్పితే పోయేదెంతో లెక్క వేసుకోండి. మూడు వారాల మేత, దాణా, చాకిరీ దండగ. వట్టిపోయిన గేదెకు రోజుకు వంద రూపాయల మేత అనుకున్నా రెండు వేల పైమాటే. రెండు మూడు ఎదలు తప్పాయంటే ఈతకూ ఈతకూ మధ్య రెండు నెలలు కలిసినట్టే. పది గేదెలున్న ఆసామి తట్టుకుంటాడు. ఒక్క గేదె పాల మీద పిల్లల ఫీజులు కట్టే ఇంటికి అది పెద్ద దెబ్బ.

టీ ఫ్లాస్కులో వచ్చిన గొట్టం

ఈ మాట నాకు పుస్తకంలో దొరికింది కాదు. ఏళ్ల కిందట మా ఇంట్లో ఒక ముర్రా గేదె ఉండేది. రెండో ఈత అయ్యాక వరసగా మూడుసార్లు సూది వేయించాం. మూడుసార్లూ తిరిగి పొర్లింది. మూడోసారి మా అమ్మ ఊరుకోలేదు. "ఒరే, ఆయన తెచ్చేది మొన్న మనం టీ పోసుకెళ్లిన ఫ్లాస్కు లాంటిదే గదరా" అంది. నేను అప్పటిదాకా గమనించనే లేదు. ఆయన తెచ్చింది నిజంగానే టీ ఫ్లాస్కు. అందులో ఐసుముక్కలు, వాటి మధ్య రెండు గొట్టాలు. క్యాను మోసుకు తిరగడం కష్టమని పొద్దున్నే ఆసుపత్రిలో తీసి ఐసులో వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. చెడ్డవాడు కాదు. ఐసయినా చల్లనే గదా అనుకున్నాడు, అంతే. నేనూ అలాగే అనుకున్నాను, ఇంటర్ చదివి ఉండి కూడా.

ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. ఐసుకూ మరిగే నీళ్లకూ మధ్య ఉన్న దూరం 100 డిగ్రీలు. ఐసుకూ ఆ క్యానులోని ద్రవానికీ మధ్య దూరం దానికి దాదాపు రెట్టింపు. ఆ గొట్టానికి ఐసు నీళ్లు చల్లటివి కావు, వేడివి. ఐసులో పడ్డ మరుక్షణమే వీర్యం గడ్డ కరుగుతుంది. కరిగాక పదిహేను నిమిషాల్లోపు వాడేయాలి. నాలుగో ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది.

గాలినే నీళ్లలా చేశారు

క్యానులో ఉన్నది ద్రవ నత్రజని. యూరియా బస్తాలో మనం డబ్బు పెట్టి కొనేదీ నత్రజనే, మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు ఉన్నదీ అదే. గాలిని విపరీతంగా చల్లబరిస్తే నీళ్లలా కారుతుంది. సైకిలు ట్యూబుకు పంపు కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీకు తెలుసు. అదే ట్యూబు వాల్వు నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. గాలిని గట్టిగా నొక్కి, పుట్టిన వేడిని తీసేసి, సన్నటి బెజ్జంలోంచి ఒక్కసారిగా వదులుతారు. అది చల్లబడుతుంది. ఆ చల్లగాలితో తర్వాత వచ్చే గాలిని ఇంకా చల్లబరుస్తారు. ఇలా తిప్పగా తిప్పగా చివరకు గాలి బొట్లు బొట్లుగా కారుతుంది.

నత్రజనిని తొలిసారి చూడదగినంతగా ద్రవం చేసింది 1883లో, ఇప్పటి పోలెండులోని క్రాకో నగరంలో. వ్రొబ్లెవ్‌స్కీ, ఒల్జెవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేశారు. 1895లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే పైన చెప్పిన పద్ధతిలో గాలిని ఫ్యాక్టరీ సరుకుగా మార్చాడు. అంతకుముందు ఆయన బీరు కంపెనీలకు ఐసు యంత్రాలు చేసేవాడు. ద్రవమైన గాలిలోంచి ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర, నత్రజని మైనస్ 196 దగ్గర మరుగుతాయి. మరిగే వేడి వేరు కాబట్టి, బట్టీలో సారాను నీళ్ల నుంచి విడదీసినట్టు వాటిని విడదీస్తారు. ఉక్కు ఫ్యాక్టరీలకు కావలసిన ఆక్సిజన్ ఇలా తీసేదే. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, 2021 ఏప్రిల్‌లో, విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్ర వెళ్లడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. గేదె సూదికి వాడే నత్రజని ఆ ఆక్సిజన్‌కు తోడబుట్టిందే.

ఈ అతిచలి శాస్త్రాన్ని క్రయోజెనిక్స్ అంటారు. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరినప్పుడు టీవీలో వినపడే క్రయోజెనిక్ ఇంజను మాట ఇదే. 2014 జనవరి 5న మన దేశంలో తయారైన క్రయోజెనిక్ ఇంజనుతో జీఎస్ఎల్‌వీ రాకెట్ విజయవంతంగా ఎగిరింది. అందులో మండేది మైనస్ 253 దగ్గరి ద్రవ హైడ్రోజన్. దాన్ని మండించేది ద్రవ ఆక్సిజన్.

చలి ఇంకా కిందికి పోతే చిత్రాలు జరుగుతాయి. హాలెండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ 1908లో హీలియం వాయువును ద్రవం చేశాడు. అది మైనస్ 269 డిగ్రీలు. 1911లో ఆ చలిలో పాదరసాన్ని పెట్టి కరెంటు పంపితే, తీగలో ఉండాల్సిన అడ్డం మొత్తం మాయమైపోయింది. కరెంటు ఏమాత్రం తరుగు లేకుండా పోతూనే ఉంది. దీన్నే అతివాహకత అన్నారు. నడుం నొప్పి అని పట్నం పోతే ఎమ్మారై తీస్తారే, ఆ యంత్రంలోని పెద్ద అయస్కాంతం ఇలాంటి అతివాహక తీగ చుట్టిందే. ఎక్కువ యంత్రాల్లో ఆ తీగను ద్రవ హీలియంలో ముంచి ఉంచుతారు. హీలియం చాలా ఖరీదు. 1987లో మన క్యానులోని నత్రజని చలికే అతివాహకంగా మారే పింగాణీ లాంటి పదార్థాలు దొరికాయి. జర్మనీలోని ఎసెన్ నగరంలో 2014లో అలాంటి పదార్థంతో చేసిన కిలోమీటరు పొడవు కేబులును ద్రవ నత్రజనితో చల్లబరిచి, కొన్నేళ్లపాటు ఊరికి కరెంటు పంపారు. లైను చివర ఓల్టేజీ చాలక మోటారు గుర్రుమనే మన చేలకు అది వచ్చే రోజు మాత్రం దగ్గర్లో కనపడటం లేదు. క్యాను దగ్గరికే వద్దాం.

తప్పు సీసా చేసిన మేలు

మన దేశంలో కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో మొదలైంది. చాలాకాలం తాజా వీర్యమే వాడేవారు. చల్లగా ఉంచినా రెండు మూడు రోజులకు మించి పనికి రాదు. ఆబోతు దగ్గర్లో ఉంటేనే పని జరిగేది. గడ్డకట్టించి దాచుదామంటే కణంలోని నీరు ఐసు అయ్యి సూదుల్లా పొడిచి చంపేది.

1940ల చివర్లో లండన్‌లో పోల్జ్, ఆడ్రీ స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు కోడిపుంజు వీర్యం మీద పరిశోధన చేస్తున్నారు. చక్కెర ద్రావణం కలిపి చూస్తున్నారు, ఫలితం లేదు. ఒకసారి మాత్రం గడ్డ కరిగించాక కణాలు ఈదాయి. ఏమిటా అని సీసా పరీక్షిస్తే పైన రాసిందొకటి, లోపల ఉన్నదొకటి. అందులో గ్లిజరిన్ కలిసి ఉంది. నోరు పూసినప్పుడు మందుల షాపులో కొంటామే, ఆ గ్లిజరినే. అది ఐసు సూదులు ఏర్పడకుండా కణాన్ని కాపాడుతుంది. 1949లో ఆ సంగతి ప్రకటించారు. 1951లో ఇంగ్లండులో గడ్డకట్టిన వీర్యంతో తొలి దూడ పుట్టింది.

ఇప్పుడు విశాఖపట్నం, నంద్యాల, కరీంనగర్ లాంటి చోట్ల ఉన్న కేంద్రాల్లో ఆబోతుల నుంచి, దున్నల నుంచి తీసిన వీర్యానికి గ్లిజరిన్ వంటివి కలిపి, మెల్లగా చల్లబరిచి, గొట్టాలకెక్కించి నత్రజనిలో ముంచుతారు. ఒకసారి తీసిన వీర్యంతో కొన్ని వందల గొట్టాలు నింపొచ్చు. ఒక్కో గొట్టంలో పావు మిల్లీలీటరు, అందులో దాదాపు రెండు కోట్ల కణాలు. గడ్డకట్టించేటప్పుడే సగం దాకా చచ్చిపోతాయి. అది తెలిసిన లెక్కే. మిగిలిన సగం చాలు. కానీ ఆ మిగిలిన సగాన్ని దారిలో పోగొట్టుకుంటే ఇక లెక్కకు ఏమీ ఉండదు.

మెడకు వేలాడే పాత్ర

క్యాను చూడటానికి పాలక్యానులా ఉంటుంది గానీ లోపల వ్యవహారం వేరు. ఒక పాత్రలో ఇంకో పాత్ర. రెంటి మధ్య గాలి లేకుండా లాగేస్తారు. గాలి లేనిచోట వేడి పాకడం కష్టం. 1892లో లండన్‌లో జేమ్స్ డ్యూవర్ కనిపెట్టిన ఉపాయం ఇది. మీ టీ ఫ్లాస్కూ దాని పిల్లే. ఈ క్యానులో లోపలి పాత్ర కింద ఆనుకుని ఉండదు. సన్నటి మెడకు వేలాడుతూ ఉంటుంది. ఆ మెడ ఇనుము కాదు, ఫైబర్‌ది. గుంతల రోడ్డు మీద ఎత్తి కుదేస్తే, పక్కకు పడేస్తే మెడ దగ్గర పగులుతుంది. పగిలిందా, మధ్యలోకి గాలి చేరుతుంది. అప్పటి నుంచి నెల రావాల్సిన నత్రజని రెండు రోజుల్లో ఆవిరైపోతుంది.

క్యాను చెడిందో లేదో రైతుకు కూడా తెలిసే గుర్తు ఒకటుంది. బయటి గోడ చెమర్చకూడదు. మంచు పట్టకూడదు. మండుటెండలో కూజాకు చెమట పట్టినట్టు క్యాను పక్కలంట తడి కనిపిస్తే ఆ క్యాను పని అయిపోయినట్టే. మూత దగ్గర కాస్త మంచు ఉంటే ఫర్వాలేదు.

మూత తీసినప్పుడు లేచే తెల్లపొగ నత్రజని కాదు. దానికి రంగు లేదు. ఆ చలికి మన గాలిలోని తేమ మంచుగా మారి పొగలా కనపడుతుంది. పొగ రాకపోతే అనుమానించాల్సిందే. వచ్చినంత మాత్రాన నిండుగా ఉందనుకోకండి. అడుగున కాస్త మిగిలినా పొగ వస్తుంది. లోపల ఎంత ఉందో తెలియాలంటే స్కేలు దించి, కాసేపు ఉంచి, పైకి తీసి గాలిలో ఊపాలి. ఎంత మేర తెల్లగా మంచు కడితే అంత ఎత్తున ద్రవం ఉన్నట్టు. మూడో వంతుకు తగ్గకముందే నింపుకోవాలి. "డాక్టరుగారూ, ఒక్కసారి స్కేలు పెట్టి చూపండి" అని అడగడంలో తప్పేం లేదు. పాల సెంటర్లో వెన్నశాతం చూపమని అడగడం లేదూ?

నత్రజని తగ్గిపోతే వెంటనే ఏం జరగదు. గొట్టాలు ద్రవంలోంచి బయటపడతాయి. అక్కడ కూడా చలే. కానీ మైనస్ 130 దాటి వేడెక్కితే, గడ్డ కరగకపోయినా, లోపలి ఐసు రవ్వలు పెరిగి కణాల్ని చీల్చేస్తాయి. మళ్లీ నత్రజని పోసి పైకి నింపినా చచ్చినవి లేచిరావు. గొట్టం మాత్రం చూడటానికి ఎప్పటిలాగే ఉంటుంది. చిక్కంతా అక్కడే. పాడైన పాలు విరుగుతాయి, పాడైన విత్తనం పుచ్చుతుంది. పాడైన గొట్టానికి ఏ గుర్తూ ఉండదు. గేదె మళ్లీ అరిచినప్పుడే తెలుస్తుంది.

ఇందులో తప్పంతా సూది వేసేవాళ్లదే అని నేను అనను. పది ఊళ్లకు ఒకే మనిషి. నత్రజని బండి సమయానికి రాకపోతే ఆయన చేయగలిగింది లేదు. పాత క్యాను మార్చమని రాసినా మారదు. అలాంటప్పుడు పాల సంఘం తరఫున నలుగురూ కలిసి వెళ్లి పైఅధికారిని అడిగితే ఆయనకూ బలమే. ఒంటరిగా ఆయన మీద విరుచుకుపడితే తర్వాతి సూదికి రావడం మానేస్తాడు.

పాకలో ఆ ఐదు నిమిషాలు

గొట్టం తీసేటప్పుడు బుట్టను క్యాను మెడ పైదాకా ఎత్తకూడదు. మెడలోపలే ఉంచి పట్టుకారుతో తీయాలి. అదీ ఐదారు సెకన్లలో. దొరక్కపోతే బుట్టను మళ్లీ కిందికి దించి, కాసేపాగి ఎత్తాలి. ఏ నంబరు గొట్టమా అని బుట్ట మొత్తం పైకెత్తి ఎండలో తీరిగ్గా వెతికితే, మీకు వేసే గొట్టం సంగతి అటుంచి, రేపు మీ పొరుగాయన గేదెకు వేయాల్సినవి కూడా పాడవుతాయి.

తీసిన గొట్టాన్ని 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. పశువు ఒంటి వేడికి దగ్గరి వేడి అది. మీ వంతుగా చెంబెడు గోరువెచ్చటి నీళ్లు, చల్లనీళ్లు విడిగా సిద్ధం చేసి పెట్టండి. ఆయన థర్మామీటరుతో కలుపుకుంటాడు. జేబులో పెట్టుకుని, అరచేతుల మధ్య రుద్ది, నోట్లో పెట్టుకుని కరిగించడం నేను చూశాను. అలా చేస్తే మెల్లగా కరిగి, ఆ మధ్యలోనే కణాలు దెబ్బతింటాయి. కరిగాక గొట్టాన్ని పొడిగా తుడవాలి. నీటిచుక్క లోపలికి పోతే వీర్యానికి విషమే. ఎండ తగలకూడదు. అందుకే గేదెను ముందే నీడలో, కదలకుండా కట్టేసి ఉంచండి. గొట్టం కరిగించాక గేదె కోసం వెతుక్కోకూడదు.

ఇంకొక్కటి, ఈ చలి వీర్యం తాజా వీర్యంలా గర్భంలో ఎక్కువసేపు బతకదు. అందుకే వేళ ముఖ్యం. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించండి. గేదెల్లో ఎద బయటపడదు, మూగ ఎద అంటాం గదా. ఎండాకాలంలో రాత్రిపూట, తెల్లవారుజామున గమనించాలి. పడుకోబోయే ముందు ఒకసారి లాంతరో, టార్చో వేసి చూసి రండి. తీగ చీమురంగులో, కుళ్లు వాసనతో ఉంటే సూది వేయించకండి. ముందు వైద్యం చేయించాలి. క్యాను ఎంత బాగున్నా గర్భసంచిలో జబ్బుంటే నిలవదు.

పిల్లల్ని క్యాను దగ్గరికి రానీయకండి. పొగ చూసి సరదాపడి వేలు పెడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. ఆ ద్రవాన్ని సీసాలో పోసి బిరడా బిగిస్తే బాంబే. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువుగా ఉబ్బుతుంది. క్యాను మూత వదులుగా ఉండేది అందుకే, దాన్ని గుడ్డ కుక్కి బిగించకూడదు. తలుపులు మూసిన చిన్నగదిలో క్యాను పెట్టుకుని పడుకున్నా ప్రమాదమే. వాసన లేకుండా గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది.

సూది అయిపోయాక ఖాళీ గొట్టాన్ని పారేయనీయకండి. దాని మీద ఆబోతు నంబరు, జాతి, కేంద్రం పేరు, తేదీ అచ్చు వేసి ఉంటాయి. ఇంట్లో నోటుబుక్కులో తేదీ వేసి ఆ నంబరు రాసుకోండి. అక్షరం రాకపోతే గొట్టాన్నే తేదీ కాగితంతో చుట్టి దాచండి. తిరిగి పొర్లితే ఏ నంబరుకు పొర్లిందో తెలుస్తుంది. ఊళ్లో ఒకే తేదీ గొట్టాలు నాలుగిళ్లలో నిలవలేదంటే క్యానులో ఏదో జరిగిందని పట్టుకోవచ్చు. చూడి నిలిచినా ఆ నంబరు అవసరమే. చలి తెగకుంటే ఈ గొట్టాలకు వయసు లేదు. 1968లో ఆస్ట్రేలియాలో గడ్డకట్టించిన పొట్టేళ్ల వీర్యాన్ని సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు తీసి 56 గొర్రెలకు వేస్తే 34 చూడి కట్టాయని 2019లో ప్రకటించారు. పొట్టేళ్లు పోయి ఎన్నేళ్లయిందో. అలాగే మీ గేదెకు ఇప్పుడు వేసిన దున్న గొట్టాలు మూడేళ్ల తర్వాత కూడా అదే క్యానులో ఉండొచ్చు. అప్పటికి మీ పెయ్య ఎదకొస్తుంది. తండ్రి గొట్టమే కూతురికి పడకుండా చూసుకోవాలంటే ఆ నోటుబుక్కు మీ దగ్గర ఉండాలి.